పక్క సీటు స్క్రీన్ మీద రంగులు

ఒక మంచి వార్త ఉంది. నోట్లో ఆగడం లేదు. కానీ ముందు నా కుళ్ళు సంగతి చెప్పకుండా ఆ వార్త చెబితే సగమే చెప్పినట్టవుతుంది. అందుకని వరసలోనే వస్తాను.

మాది రావులపాలెం పక్కన పల్లె. నాన్న అక్కడి అరటి మార్కెట్లో జట్టు పని చేస్తాడు. రైతులు సైకిళ్ల మీద తెచ్చిన గెలల్ని భుజానికెత్తి లారీలో పేర్చడం ఆ జట్టు పని. అమ్మ అరటాకులు కోసి కట్టలు కడుతుంది. మా ఇంట్లో డిగ్రీ చదివిన మొదటి మనిషిని నేను. మా వీధిలో కూడా నేనే అని చెప్పుకుంటాను, ఇప్పటిదాకా ఎవరూ కాదనలేదు. పట్టా తెచ్చిన రోజు నాన్న చేతులు కడుక్కుని, తుడుచుకుని, అయినా ఇంకా అరటి జిగురు ఉందేమోనని దాన్ని ముట్టుకోకుండా నన్నే పట్టుకోమని చూశాడు.

ఆ పట్టాతో అమలాపురంలో ఒక చిన్న కంప్యూటర్ ఆఫీసులో ట్రైనింగుకి చేరాను. కింద బట్టల కొట్టు, పైన మా ఆఫీసు. నాతోపాటు ఇంకో అమ్మాయి చేరింది. వాళ్లది అంబాజీపేట, కొబ్బరికాయల వ్యాపారం. వాళ్లమ్మగారు టీచరు. ఆ అమ్మాయికి సొంత లాప్‌టాప్ ఉంది, దానికో మెత్తటి సంచి ఉంది, ఆ సంచికి మళ్లీ ఒక చిన్న జేబు ఉంది. నాది ఆఫీసువాళ్లిచ్చిన పాత లాప్‌టాప్. అందులో 'అ' రావాల్సిన మీట గట్టిగా నొక్కితే గానీ దిగదు. మొదటి రోజు మధ్యాహ్నం తన క్యారియర్ మూత తీసి, "పులిహోరండి, కొంచెం వేసుకోండి" అని నా పళ్లెంలో పెట్టింది. బాగుంది. బాగుండడం కూడా నాకు నచ్చలేదు.

ఆఫీసు నడిపే సారు మొదట్లోనే చెప్పేశారు. ఇద్దరినీ ఉంచుకునేంత పని తన దగ్గర లేదు. రావులపాలెం అరటి షావుకారు ఒకాయన తన కొట్టుకి ఒక ప్రోగ్రాం అడిగారు. ఇద్దరం ఎవరిది వాళ్లం తయారు చెయ్యాలి. శనివారం ఆయనే వచ్చి చూస్తారు. ఎవరిది నచ్చితే ఆ అమ్మాయిని ఆయన కొట్లోనే కూర్చోబెడతారు, ఉద్యోగం ఖాయం. రెండో అమ్మాయి వేరే చోట చూసుకోవాలి.

రావులపాలెం అనగానే నేను కుర్చీలో ముందుకి జరిగాను. మా నాన్న గెలలు మోసే యార్డులోనే ఆయన కొట్టు. అక్కడే అద్దాల గదిలో ఫ్యాను కింద నేను కుర్చీలో కూర్చోవచ్చు. నాన్న లారీ మీద నుంచి వంగి చూస్తే కనిపిస్తాను. ఆ అంబాజీపేట అమ్మాయికి అది ఒక ఉద్యోగం మాత్రమే. నాకు అలా కాదు. అందుకే కాబోలు, ఆ రోజు నుంచి తను నవ్వినా నాకు మండేది.

ప్రోగ్రాం పెద్దదేం కాదు. షావుకారుగారి దగ్గర పాత కంప్యూటర్ ఉంది, బరువైన సాఫ్ట్‌వేర్ ఎక్కిస్తే కదలదు. అందుకని బొమ్మలూ బటన్లూ లేకుండా, నల్ల స్క్రీన్ మీద అక్షరాలు మాత్రమే వచ్చే కమాండ్ లైన్ ప్రోగ్రాం చాలన్నారు. గుమస్తాగారు పొద్దున్నే లారీల వివరాలు కొడతారు. షావుకారు వచ్చి ఒక్క చూపు చూస్తే ఏ లారీ లోడు సిద్ధంగా ఉందో, ఏది ఆగిందో తెలియాలి. అంతే.

నేను మంగళవారానికే పూర్తి చేశాను. నల్ల స్క్రీన్ మీద తెల్ల అక్షరాలు వరసగా వచ్చాయి. ఒక్క తప్పు లేదు. సారుకి చూపించాలని లేచాను. సరిగ్గా అప్పుడే పక్క సీటు దగ్గర అందరూ గుమిగూడారు.

ఆ అమ్మాయి స్క్రీన్ మీద రంగులున్నాయి. అదే నల్ల స్క్రీను, అవే లారీలు. కానీ చుట్టూ సన్నటి గీతలతో గళ్లు, పైన దళసరి అక్షరాలతో శీర్షిక, ఒక లారీ పచ్చగా, ఒకటి పసుపుగా, ఒకటి ఎర్రగా. సారు కళ్లజోడు పైకి తోసుకుని మరీ చూశారు. టీ తెచ్చినాయన్ని కూడా ఆపి చూపించారు. ఆయన గ్లాసుల స్టాండు పట్టుకుని, "టీవీలో ఎన్నికల ఫలితాల్లా ఉందండీ" అన్నాడు. అందరూ నవ్వేరు. నేనూ నవ్వాను. నాకు టీ చేదుగా తగిలింది. పంచదార వెయ్యలేదేమో అనుకున్నాను గానీ అందరి గ్లాసులూ ఒకే గిన్నెలోవే.

అందరూ వెళ్లిపోయాక, అడిగినట్టు కాకుండా అడిగాను. "కష్టమైందా అండీ?" అన్నాను.

"లేదండీ, అసలేం లేదు. లైబ్రరీ ఉంది. చూపించమంటారా?"

లైబ్రరీ అంటే మనం రాయక్కర్లేకుండా ఎవరో ముందే రాసిపెట్టిన కోడు. దించుకుని వాడుకోవడమే. పేరు చెప్పమని అడిగితే సరిపోయేది. నేనేమన్నానంటే, "తెలుసండీ, నేనే ఇంకా పెట్టలేదు" అన్నాను. తను పెద్ద కళ్లు చేసి, "ఆయ్, అలాగా అండీ" అంది. అందులో వెక్కిరింత ఎంత వెతికినా దొరకలేదు. దొరికితే బాగుండేది.

సాయంత్రం రావులపాలెం బస్సులో కిటికీ పక్క సీటు దొరికింది. కాలవ గట్టు మీద బస్సు ఊగుతూ పోతుంటే ఫోన్లో వెతికాను. కమాండ్ లైన్‌లో రంగులు వెయ్యడానికి లైబ్రరీలు చాలా ఉన్నాయట. ఆ అమ్మాయి వాడింది ఏదో గళ్ల గీతలు చూసి పోల్చుకున్నాను. మొదలుపెట్టేవాళ్ల కోసం ఒక పేజీ ఉంది. ఇన్‌స్టాల్ చెయ్యడం ఒక లైను. వాడటం ఇంకో లైను. ముగ్గులు నేర్చుకునే పిల్లకి చుక్కలు చూపించినట్టు అంత తేలిగ్గా రాశారు. చదువుతున్నకొద్దీ నాకు సంతోషం కలగలేదు, కోపం వచ్చింది. ఇంత తేలికైన దానికా సారు కళ్లజోడు తోసుకున్నది?

మర్నాడు అందరికంటే ముందు ఆఫీసుకి వెళ్లాను. ఇన్‌స్టాల్ చేశాను. నా పేరు కొట్టి, ముందూ వెనకా బ్రాకెట్లు పెట్టి అందులో రంగు పేరు రాశాను. నడిపించాను. నా పేరు తెల్లగానే వచ్చింది, బ్రాకెట్లతో సహా. మళ్లీ నడిపించాను. మళ్లీ బ్రాకెట్లు. కంప్యూటర్‌ది తప్పనుకున్నాను. తర్వాత మా సారుది తప్పనుకున్నాను, నాకు పాత లాప్‌టాప్ ఇచ్చినందుకు. చివరికి ఆ పేజీ మళ్లీ చదివితే తెలిసింది. స్క్రీన్ మీద అక్షరాలు చూపించే మామూలు ప్రింట్‌కి ఆ బ్రాకెట్ల భాష రాదు. లైబ్రరీ నుంచి తెచ్చుకున్న ప్రింట్‌తో చెబితేనే దానికి అర్థమవుతుంది. ఒక్క లైను పైన చేర్చాను.

నా పేరు ఎర్రగా వచ్చింది.

ఎలా చెప్పను. ఎర్రగా, మెరుస్తూ, నల్ల స్క్రీన్ మధ్యలో. ఖాళీ ఆఫీసులో లేచి నిలబడ్డాను. అమ్మకి ఫోన్ చేసి, "అమ్మా, నా పేరు ఎర్రగా వచ్చింది" అన్నాను. అమ్మ వెంటనే, "ఏం తప్పొచ్చిందే?" అంది. ఎర్రరంగు అంటే పేపర్లు దిద్దే సిరా అని అమ్మకి తెలుసు, నా మార్కుల కాయితాలు చూసి చూసి. తప్పు కాదని చెప్పాను. "మరైతే ఎరుపెందుకు, మంచి రంగు వేసుకోవచ్చు కదా" అంది.

మెట్ల మీద ఆ అమ్మాయి చెప్పుల చప్పుడు వినపడగానే స్క్రీన్ మూసేశాను.

తర్వాత రెండు రోజులు నాకు ఒళ్లు తెలియలేదు. తను గళ్లు పెడితే నేను గుండ్రటి మూలల గళ్లు పెట్టాను. తను శీర్షికకి ఒక రంగు వేస్తే నేను మూడు వేశాను. లోడు ఎంతవరకు అయిందో చూపించడానికి పక్క నుంచి పాకే గీత పెట్టాను. అక్షరాలు వెలిగి ఆరేలా చెయ్యొచ్చని తెలిసింది, అదీ పెట్టాను. సారు అటుగా వచ్చి చూసి, "పలివెల గుడి తీర్థంలో లైటింగ్‌లా ఉందమ్మా" అన్నారు. పొగిడారనే అనుకున్నాను. పక్క సీటు వైపు చూశాను, విందా లేదా అని.

ఏ రంగు దేనికి అన్నది మాత్రం నేను ఆలోచించలేదు. ఆ అమ్మాయి సిద్ధమైన లారీలకి పసుపు పెట్టింది, సిద్ధం కానివాటికి పచ్చ, ఆగినవాటికి ఎరుపు. నేనూ అదే పెట్టాను. తన పసుపు కంటే నా పసుపు ఎక్కువ మెరుస్తోందా అనే చూసుకున్నాను గానీ, ఆ పసుపు అక్కడెందుకుందని ఒక్కసారి అనుకోలేదు.

శనివారం పొద్దున్న నాన్న క్యారియర్ మర్చిపోయి పనిలోకి వెళ్లాడు. బస్టాండుకి వెళ్లే దారే కదా అని మార్కెట్లో ఇచ్చేసి పోదామని బయల్దేరాను. యార్డులో ఒరిస్సా వెళ్లే లారీ నిండుతోంది. కింద ఆకులు పరిచి, గెల మీద గెల, సందు లేకుండా పేరుస్తున్నారు. నాన్న లారీ మీదున్నాడు. నన్ను చూసి చెయ్యి ఊపాడు.

అంతలో జట్టు మేస్త్రి ఆగమన్నాడు. పేర్చిన వరసలో, లోపలెక్కడో, ఒక గెలలో ఒక కాయ పసుపు తిరిగింది. ఆయన కంటికి ఎలా ఆనిందో గానీ ఆనింది. ఇంక పని ఆగిపోయింది. పై గెలలన్నీ మళ్లీ దించారు. నాన్న తలపాగా విప్పి మొహం తుడుచుకుంటూ ఎవరినీ కాకుండా గాలిని తిట్టాడు. ఆ పండిన గెలని బయటికి లాగి చెట్టు కింద పడేశారు. పండింది ఒక్కటి లోపలుంటే దాని వేడికి చుట్టూ ఉన్నవన్నీ పండుతాయి. లారీ ఊరు చేరేసరికి కింద రసం కారుతుంది. పచ్చిగా ఉంటేనే అరటి లారీ ఎక్కుతుంది. పసుపు కనిపిస్తే లారీ ఆగుతుంది.

ఇది నాకు తెలియని విషయమా? నాకు నడక వచ్చింది ఆ యార్డులో. దించేసిన పండు గెలలు తినే పెరిగాను. అయినా నా ప్రోగ్రాంలో సిద్ధమైన ప్రతి లారీ పసుపు. షావుకారు ఒక్క చూపు చూస్తే తన సరుకంతా పండిపోయిందని గుండె పట్టుకుంటారు.

క్యారియర్ నాన్న చేతికివ్వకుండా అక్కడే గట్టు మీద పెట్టేసి బస్సు కోసం పరుగెత్తాను.

బస్సులో కూర్చున్నాక రెండో సంగతి తట్టింది. ఆ అమ్మాయిదీ పసుపే. వాళ్లది కొబ్బరి ఇల్లు. కొబ్బరికి పచ్చగా ఉంటే లేత, పనికిరాదు. రంగు తిరిగి ముదిరితేనే సరుకు. తను వాళ్లింటి లెక్కలో వేసింది. నేను మా ఇంటి లెక్క వదిలేసి వాళ్లింటి లెక్క ఎత్తుకొచ్చాను. సిగ్గేసింది. కానీ సిగ్గు ఎంతోసేపు లేదు. కొత్తపేట దాటేసరికి సంతోషం వచ్చింది. నాది మార్చుకుంటాను, తనది అలాగే ఉంటుంది, షావుకారు చూస్తారు. నేనేం చెయ్యక్కర్లేదు. నోరు మూసుకుంటే చాలు.

ఆఫీసుకి వెళ్లగానే మార్చడం మొదలుపెట్టాను. రంగు పేర్లు ప్రతి లైనులోనూ విడివిడిగా రాసుకున్నాను కాబట్టి ఒక్కొక్కటే వెతికి మార్చాల్సి వచ్చింది. ఆ అమ్మాయి వచ్చి కూర్చుంది. కాసేపు చూసింది.

"పచ్చకి మార్చేరేంటండీ? పసుపే బాగుంది కదా," అంది.

నోరు మూసుకుంటే సరిపోయేది. తెలీదండీ, ఊరికే అంటే సరిపోయేది. కానీ ఇన్నాళ్లలో ఆ అమ్మాయికి తెలియనిది నాకు తెలిసిన మొదటి విషయం అది. దాన్ని లోపల దాచుకోవడం నా వల్ల కాలేదు. చెప్పకపోతే నాకు తెలుసన్న సంగతి తనకెలా తెలుస్తుంది?

"అరటిలో పసుపొస్తే లారీ ఎక్కదండీ. మీకు తెలీదా?" అన్నాను. ఆ చివరి మాట సాగదీసి మరీ అన్నాను.

తను తన స్క్రీన్ వైపు చూసింది. నా వైపు చూసింది. "అమ్మో, చాలా థాంక్సండీ," అంది. ఒక్క చోట రెండు రంగుల పేర్లు అటుదిటు మార్చింది. అంతే, అన్నీ మారిపోయాయి. 'సిద్ధం' అనేదానికి ఏ రంగో, కానిదానికి ఏ రంగో పైన ఒకేచోట రాసి పెట్టుకుంది, కింద ఎక్కడా రంగు పేరే లేదు. నేను ఇంకా సగంలో ఉన్నాను. తెలిసింది నాకు, ముందు పూర్తయింది తనకి. ఆ క్షణంలో నా నాలుక నేనే కోసుకోవాలనిపించింది.

నాది ఎలాగో పూర్తయ్యేసరికి షావుకారుగారు వచ్చారు. తెల్ల చొక్కా, మోకాళ్ల దాకా మట్టి. ముందు నాది చూశారు.

"ఇదెందుకమ్మా అలా కొట్టుకుంటంది?"

"ముఖ్యమైన లారీ అండి, వెలిగి ఆరుతుందండి."

"అన్నీ ముఖ్యమైనయ్యేనా?" అన్నారు. సారు పక్కకి తిరిగి దగ్గారు.

తర్వాత పక్క సీటు దగ్గరికి వెళ్లారు. అక్కడ ఏదీ కొట్టుకోలేదు. పచ్చ లారీలు ఒక వైపు, ఆగినవి ఒక వైపు, శుభ్రంగా ఊడ్చిన వాకిలిలా ఉంది స్క్రీను. ఆయన చాలాసేపు నిలబడ్డారు. నా రావులపాలెం కుర్చీ నా కళ్ల ముందే పక్కకి జరిగిపోతోంది.

"బాగుందమ్మా. పచ్చే పెట్టేరు. ఏ ఊరు మీది?"

"అంబాజీపేటండి. కొబ్బరికాయలండి మాది."

"కొబ్బరోళ్లకి మా అరటి సంగతి ఎలా తెలిసింది?"

ఆ ప్రశ్నకి వాళ్లనీ వీళ్లనీ అడిగి తెలుసుకున్నానని చెప్పొచ్చు. నేనైతే అలాగే చెప్పేదాన్ని, సందేహం లేదు. తను చేత్తో నా వైపు చూపించింది.

"నాకు తెలీదండి. నేను పసుపే పెట్టేను. ఇందాక ఈవిడే చెప్పేరండి."

ఎంత మామూలుగా అందంటే, టైమెంతయిందని అడిగితే చెప్పినట్టు. షావుకారు నా వైపు తిరిగారు. ఎవరమ్మాయివని అడిగారు. చెప్పాను. ఏ జట్టని అడిగారు. అదీ చెప్పాను. మేస్త్రి పేరు చెప్పేసరికి ఆయన తలాడించారు. నాన్న పేరు ఆయనకి తెలియలేదు, కానీ లారీ మీద నిలబడే తీరు చెబితే గుర్తుపట్టారు.

"ఈ అమ్మాయిని పంపండి," అన్నారు సారుతో. తర్వాత నాతో, "చూడ్డానికి మాత్రం ఆ అమ్మాయిది ఎలా ఉందో అలా చేసిపెట్టమ్మా. ఆ ఆరడం వెలగడం నాకొద్దు," అన్నారు.

ఇదీ వార్త. ఉద్యోగం నాది. స్క్రీను తనది.

నేను అడగకముందే తను ఆ రంగులు రాసుకున్న ఫైలు పెన్‌డ్రైవ్‌లో వేసి నా టేబుల్ మీద పెట్టింది. తీసుకున్నాను. థాంక్స్ చెప్పానో లేదో గుర్తు లేదు. మెట్లు దిగి బట్టల కొట్టు ముందు నిలబడి నాన్నకి ఫోన్ చేశాను. వెనక లారీ ఇంజను మోత, ఎవరివో అరుపులు. గట్టిగా చెప్పాను, కొట్లోవాళ్లు తిరిగి చూసేంత గట్టిగా. మోత దూరమైంది, నాన్న ఫోను పట్టుకుని పక్కకి నడిచాడు. ఏడుస్తున్నాడేమో అనుకున్నాను. తర్వాత అడిగాడు.

"మరి ఆ రెండో పాప ఏం చేత్తదమ్మా?"

నా జీవితంలో ఇంతకంటే పెద్ద వార్త లేదు. దాన్ని వినగానే మా నాన్నకి కూడా ఆ అమ్మాయే గుర్తొచ్చింది.

"తెలీదు నాన్నా," అన్నాను.

"అడగలేదా?"

అడగలేదు. ఫోన్ పెట్టేసి మళ్లీ మెట్లెక్కాను. ఇష్టంగా ఎక్కానని చెప్పను. తను లాప్‌టాప్ సంచిలో పెట్టుకుంటోంది.

"ఇప్పుడు ఏం చేస్తారండీ?" అన్నాను.

"మా నాన్నగారి కాయల కొట్టుకి ఇలాంటిదే చేస్తానండి. ఎప్పటి నుంచో అడుగుతున్నారు. అక్కడ పచ్చ పెడితే మాత్రం ఇంట్లోకి రానివ్వరు," అంది. నవ్వింది. కళ్లు కొంచెం ఎర్రగా ఉన్నాయి. అంతవరకూ నేను చూడలేదు.

ఏదైనా మంచి మాట చెప్పాలనుకున్నాను. నాకు తట్టిందల్లా ఒకటే. ఎవరి మెప్పూ అక్కర్లేని కొట్టు ఒకటి తనకి ఇంట్లోనే ఉంది. తన పని చూసుకుని మురిసిపోయే నాన్నకి ఆ స్క్రీన్ మీద అక్షరాలు చదవడం వచ్చు, మా నాన్నకి రాదు. అది తట్టగానే, ఇందాక మెట్లు దిగుతున్నప్పుడు కాస్త చల్లారిన కుళ్ళు మళ్లీ లేచింది.

"మీరు చేస్తే బాగుంటుందండీ," అన్నాను. అది అబద్ధం కాదు, అందుకే గొంతులోంచి అంత కష్టంగా వచ్చింది.

బస్టాండు దాకా ఇద్దరం నడిచాం. తను అంబాజీపేట బస్సెక్కింది, నేను రావులపాలెం బస్సు. బస్సు కదిలాక గానీ నాకు సంతోషం తిరిగి రాలేదు. వచ్చాక మాత్రం ఆపుకోలేకపోయాను. టిక్కెట్టు కొట్టడానికి వచ్చిన కండక్టరుగారికి, ఆయన అడక్కుండానే, నాకు రావులపాలెంలో ఉద్యోగం వచ్చిందని చెప్పేశాను.